అరకిలో మీద జర మొగ్గు

లింబయ్యకు టమాటాలు అమ్మడమంటే సాయవ్వకు రోజూ ఒక పరీక్షే. ఒక పళ్లెంలో అరకిలో రాయి పెట్టి, రెండో పళ్లెంలో కాయలు వేసి, ముల్లు నడుమకు వచ్చాక అలవాటు కొద్దీ ఇంకొక కాయ పైన పడేస్తుంది. కాయల పళ్లెం కిందికి దిగుతుంది. ఆ దిగడం చూసి సంతోషపడని మనిషి బోధన్ మార్కెట్లో లేడు, ఒక్క లింబయ్య తప్ప. ఆయన వంగి, పైన పడ్డ కాయను రెండు వేళ్లతో తీసి మళ్లీ ఆమె గంపలోనే పెట్టేస్తాడు. ముల్లు నడుమ నిలిచేదాకా అక్కడినుంచి కదలడు.

"ఓ లింబన్నా, మొగ్గు వద్దన్నోన్ని ఈ బజార్ల నిన్నొక్కన్నే సూసిన," అంది సాయవ్వ ఆ బుధవారం పొద్దున కూడా.

"అరకిలో అడిగిన, అరకిలో ఇయ్యి. మొగ్గు సూపిచ్చుడు మొదలువెడితే రేపు ఇంకోడు పళ్లెం కింద ఏలు వెట్టి వంద గ్రాములు గుంజుతడు."

సాయవ్వ మూతి తిప్పుకుంది కానీ మారుమాట అనలేదు. ఆమె చేతిలో తరాజు బాగుచేసింది ఆయనే మరి. ఆ మార్కెట్లో తూకం పట్టిన వాళ్లెవరూ లింబయ్యతో వాదనకు దిగరు. ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా కనిపెట్టే కళ్లు ఆయనవి. అరిగిన రాయికి అడుగున సీసం పోసి, సన్న ఆకురాయితో గీకి గీకి, సరిగ్గా బరువుకు తెచ్చి, సర్కారు ముద్ర వేయించి ఇస్తాడు. ముద్ర తప్పిన రాయి దుకాణంలో కనబడితే తిట్టి మరీ పక్కన పడేస్తాడు. ఈ మధ్య అందరూ అంకెలు వెలిగే కరెంటు కాంటాలు కొంటున్నారు. అవి చెడిపోతే లింబయ్య దగ్గరకు తెచ్చినా లాభం లేదు. చుట్టూ సీలు వేసి ఉంటాయి, విప్పితే కంపెనీవాడు ఊరుకోడు. అలాంటి కాంటా ఎదురుగా కనబడితే ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటాడు.

ఆ సాయంత్రం నిజామాబాద్ బస్సు దిగి లింబయ్య కూతురు నవత తిన్నగా దుకాణానికి వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. భుజాన పుస్తకాల సంచి, చేతిలో నల్లటి గట్టి పెట్టె. పనిబల్ల మీద సీసం ముక్కలు పక్కకు నెట్టి పెట్టె తెరిచింది. లోపల గుంటలో ఒదిగి పడుకుని ఉంది పోటీల్లో గురి కాల్చే గాలి పిస్తోలు. గొట్టం కింద గాలి సిలిండరు, వెనక చేతిని పొదిగి పట్టుకునేలా చెక్కిన అక్రోటు చెక్క పిడి. పద్నాలుగేళ్లు ఒకే మనిషి చెమట తాగి ఆ చెక్క నల్లబడింది.

ఆ మనిషి సిరాజ్ సార్. పోలీసు డిపార్ట్‌మెంటు తరఫున పోటీల్లో కాల్చిన మనిషి, రిటైరయ్యాక నిజామాబాద్‌లో పాత బియ్యం గోదాములో గురి కాల్చడానికి ఎనిమిది వరుసల రేంజి పెట్టి పిల్లలకు నేర్పుతున్నాడు. ఇప్పుడు మణికట్టు నరం పట్టేస్తోంది, పిస్తోలు ఎత్తితే ముంజేయి వణుకుతోంది. అమ్మేద్దామనుకున్నప్పుడు మొదట నవతనే అడిగాడట. రెండేళ్లుగా ఆ పిల్ల క్లబ్బు పిస్తోలుతోనే నెట్టుకొస్తోంది. పదిమంది చేతులు మారే వస్తువది, పొద్దున ఒకలా కాలితే మాపటికి ఇంకోలా కాలుతుంది. వచ్చే ఆదివారం రాష్ట్ర పోటీలకు ఎంపిక. అరవై గుళ్లకు మొత్తం ఆరువందల మార్కులు, అందులో ఐదువందల నలభై దాటితేనే పేరు పైకి వెళుతుంది. పోయినేడు క్లబ్బు పిస్తోలుతో నవత ఐదువందల ముప్పయ్యారు దగ్గర ఆగిపోయింది. ఈసారీ ఆగితే వచ్చే ఏడు దాకా మళ్లీ అవకాశం లేదు.

"రెండు రోజులు ఇంట్ల వెట్టుకొని పట్టి సూడుమన్నడు సార్. శుక్రవారం హైదరాబాద్ కెల్లి కొత్తది కూడ వస్తది. రెండు సూసి ఒకటి అనుకోవాలె," అంది నవత.

ఇంతలో వెనక ఇంట్లోంచి లింబయ్య భార్య రాధాబాయి వచ్చింది. చంకన బీడీల చాట, వేళ్ల మధ్య చుట్టడం సగమైన తునికాకు. పుట్టిల్లు బిలోలి, మరాఠీ గడ్డ. మాటకు మొహమాటం ఉండదు. పెట్టెలోకి ఒకసారి తొంగిచూసి, ఆకు మూతిని గోటితో మడిచి, బీడీని చాటలో పడేసింది.

"మా ఇంట్ల ఫ్యాను పాతది, కుట్టు మిషిను పాతది, గా టీవీ మూడిండ్లు తిరిగొచ్చింది. నా పీఎఫ్ పైసలతోని నా బిడ్డకు ఒక్కటన్న డబ్బల కెల్లి తీసిన కొత్తది కొంట. గింతే నా మాట," అంది.

పాతదాన్ని చూస్తే లింబయ్య కళ్లు మెరుస్తున్నాయని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మెరుపు చాలాసార్లు చూసింది. ఆయన చెక్క పిడిని అరచేత్తో నిమురుతూ, వస్తువు జాతి మంచిదనీ, ఇలాంటివి ఎన్నేళ్లు వాడినా అంతే సాఫుగా నడుస్తాయనీ చెప్పబోయాడు. రాధాబాయి ఆయన ఆయుధంతోనే ఆయన్ని కొట్టింది. సిలిండరు మీద తేదీ అయిపోయి రెండేళ్లయిందట, సిరాజ్ సారే చెప్పాడట నవతకు.

"ముద్ర తప్పిన రాయిని నువ్వు ముట్టవు. మరి దీనికి తేదీ తప్పింది గద. గిది యాడి న్యాయమయ్యా?"

లింబయ్య పిడి మీదినుంచి చేయి తీశాడు. నవత పకపకా నవ్వింది. సిలిండరు ఒక్కటీ కొత్తది దొరుకుతుందనీ, అంతవరకు తేదీ ఉన్న సిలిండరు ఇంకో పిల్ల దగ్గర తీసుకుని బిగించుకోవచ్చనీ చెప్పింది. నీకేది నచ్చిందని మాత్రం ఆ పిల్లను ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఎవరి పట్టు వాళ్లది.

రాధాబాయి లోపలికి వెళ్లగానే లింబయ్యకు చేతులు ఊరుకోలేదు. పోటీకి ముందు బల్ల దగ్గర తనిఖీ ఉంటుందని నవత చెప్పింది. పిస్తోలును గొట్టం పైకి నిలబెట్టి, ట్రిగ్గరుకు అరకిలో బరువు తగిలించి, మెల్లగా లేపాలి. ట్రిగ్గరు పడకుండా బరువును మోయాలి. మోయకపోతే దానితో కాల్చనివ్వరు. అరకిలో అనే మాట వినగానే లింబయ్య లేచి అలమారా తెరిచి, గుడ్డలో చుట్టి దాచిన తన ఇత్తడి రాయి తీశాడు. ఊరంతటి రాళ్లను ఆయన దానితోనే సరిచూస్తాడు. తీగతో దాన్ని ట్రిగ్గరుకు తగిలించి లేపాడు, మోసింది. ఐదు గ్రాముల బిళ్ల జోడించాడు, మోసింది. ఇంకో ఐదు. మూడో బిళ్ల వేశాక టక్కుమని పడింది.

"పదిహేను గ్రాములు ఎక్కువున్నది," అన్నాడు. దొంగను పట్టుకున్న గొంతు అది.

"ఉండనియ్యి బాపు. సార్ అట్లనే వెట్టుకున్నడు."

ఉండనిచ్చాడు. కానీ ఆ పదిహేను గ్రాములు ఆయన బుర్రలో తిష్ఠ వేసుకు కూర్చున్నాయి. అంత మంచి పనితనపు వస్తువులో పదిహేను గ్రాముల తప్పు ఎలా ఉంటుంది? ఉంటే సరిచేయకుండా ఎలా వదిలేస్తారు? మర్నాడంతా మిఠాయి దుకాణం కాంటా విప్పుతున్నా సరే, మనసు దాని మీదే ఉంది.

శుక్రవారం దుకాణం మూసి కూతురి వెంట నిజామాబాద్ వెళ్లాడు. గోదాములో ఒక పక్క గోడకు వరుసగా తాళ్లు, గిలకలు. తాడు లాగితే కాగితపు గురి పది మీటర్ల దూరం జరిగి నిలబడుతుంది. దాని నడుమ పది మార్కుల చుక్క చొక్కా బొత్తామంత ఉంటుంది. లింబయ్య అంతకుముందెప్పుడూ ఇక్కడికి రాలేదు. బెంచీ మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అంతా చూశాడు.

కొత్త పిస్తోలు అమ్మడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి రాజేష్ మర్యాదస్తుడు, లింబయ్యను అంకుల్ అనే పిలిచాడు. కొత్త పెట్టె తాళం తీస్తుంటే చుట్టూ పిల్లలు మూగారు. పిస్తోలు తళతళలాడుతోంది. పిడి నవత చేతి సైజుకే వచ్చింది. ఆ పిల్ల పక్కకు తిరిగి నిలబడి, ఎడమచేయి జేబులో పెట్టి, కుడిచేయి చాచింది. ఊపిరి సగం వదిలి ఆపింది. భుజం, మోచేయి, మణికట్టు ఒకే గీతలోకి వచ్చాయి. ఇంట్లో నీళ్ల బిందె ఎత్తమంటే సణిగే పిల్లేనా ఇది అని లింబయ్యకు ఆశ్చర్యమేసింది. ఇరవై గుళ్లు కాల్చింది. కాగితాలు లాగి లెక్కేస్తే నూటా ఎనభై ఆరు. తర్వాత సిరాజ్ సార్ పిస్తోలుతో ఇరవై. నూటా ఎనభై మూడు.

మూడు మార్కులు. ఇది విన్న రాధాబాయి ముఖం ఎలా వెలుగుతుందో లింబయ్యకు ఇక్కడే కనబడింది. సిరాజ్ సార్ ఏమైనా అంటాడేమోనని ఆయన వైపు చూశాడు. ఆయన తన పిస్తోలు గొప్పలేమీ చెప్పలేదు. పైగా దాని లోపాలన్నీ వరుసగా చెప్పాడు. సిలిండరు మార్చాలి, ఒక రబ్బరు వాషరు ఏడాదికోసారి అరుగుతుంది, గురి చూసే ముక్క మీద రంగు పోయింది. "అన్నా, అమ్మేటోడు చెప్పాలె, కొనేటోడు చూడాలె. ఫైస్లా పిల్లది, ఏది కావాల్నో ఆమెనే అనుకోవాలె," అన్నాడు.

లింబయ్య కొత్తదాన్ని చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ట్రిగ్గరు సరిచేసే మరచుట్టు ఎక్కడుందో వెతికాడు. వేలు దాని దగ్గరకు పోగానే చిన్న వెండిరంగు కాగితం తగిలింది. రాజేష్ మెల్లగా చేయి అడ్డం పెట్టాడు. ఆ సీలు చిరిగితే గ్యారంటీ పోతుందన్నాడు. అప్పుడు నవత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. పోటీకి ముందు ట్రిగ్గరు బరువు అటూ ఇటూ అయితే ఏం చేయాలి? మాకు పంపండి, పదిహేను ఇరవై రోజుల్లో చేసి పంపుతాం అన్నాడు రాజేష్. నవత తల ఊపింది. కొంచెం సేపయ్యాక గోదాము ఆ చివర సిరాజ్ సార్‌తో ఏదో మాట్లాడింది. సార్ నవ్వి ఆ పిల్ల భుజం తట్టాడు. గురి గురించి అనుకుంటున్నారేమో అనుకున్నాడు లింబయ్య.

రాజేష్ మర్యాదస్తుడని అన్నాను కదా. ఆదివారం దాకా రెండూ మీ దగ్గరే ఉండనివ్వండి, పోటీకి నేనూ వస్తాను, ఏది నచ్చితే దాంతో కాల్చవచ్చు అన్నాడు. కొత్తది సిరాజ్ సార్ బీరువాలోకి, పాతది బోధన్ బస్సులోకి ఎక్కాయి.

మూడు మార్కుల సంగతి లింబయ్య దాచలేదు. దాచేవాడైతే ఆయన లింబయ్య ఎందుకవుతాడు. రాధాబాయి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ గిన్నెలు గట్టిగా పెట్టింది. శనివారమంతా ఆ ఇంట్లో మాటలు ముల్లులేని తరాజులా అటో ఇటో ఊగాయి. ఆయనేమో జాతి వస్తువంటాడు, ఆమేమో మూడు మార్కులంటుంది. నడుమ నవత గోడ మీద పెన్నుతో చుక్క పెట్టి, దాని ఎదుట చేయి చాచి, గుండు లేకుండా గంటసేపు ట్రిగ్గరు నొక్కుతూ నిలబడింది. ఆమె చేతిలో ఉన్నది పాతదే. అది చూసి లింబయ్య తానే గెలిచానని మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే చేయకూడని పని చేశాడు.

ఆదివారం తెల్లవారింది. నవత స్నానానికి వెళ్లింది, రాధాబాయి పొయ్యి దగ్గరుంది. లింబయ్య పెట్టె తీసుకుని దుకాణంలోకి వచ్చి, షట్టరు సగం ఎత్తి, వెలుతురు పడేచోట కూర్చున్నాడు. ఇత్తడి రాయి తీశాడు. ఆరు పలకల సన్న ఎలన్ కీ ట్రిగ్గరు వెనక మరచుట్టులో పెట్టి కొద్దికొద్దిగా తిప్పాడు. రాయి తగిలించి లేపడం, బిళ్ల తీయడం, మళ్లీ లేపడం. చివరికి ఒక్క బిళ్ల కూడా లేకుండా, ఉత్త అరకిలో రాయిని అది మోసింది. దాని మీద రెండు గ్రాముల బిళ్ల వేస్తే పడిపోయింది. ముల్లు నడుమ నిలిచినప్పుడు కలిగే సుఖం ఆయన ఒళ్లంతా పాకింది. పదిహేను గ్రాముల తప్పు పోయింది, వేలికి అంత బరువు తక్కువ, ఆ మూడు మార్కులు ఇక్కడే వస్తాయి అనుకున్నాడు. బిడ్డకు చెబితే పోటీ ముందు మనసు చెదురుతుందని, మెల్లగా తర్వాత చెప్పి ఆశ్చర్యపరుద్దామని పెట్టె మూసేశాడు.

ముగ్గురూ ఏడింటి బస్సు ఎక్కారు. రాధాబాయి ఆ రోజు బీడీల చాట ముట్టలేదు. పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీర కట్టింది.

పోటీ నిజామాబాద్‌లో ఒక స్కూలు హాలులో. ఒక మూల తనిఖీ బల్ల, దాని ముందు పసుపు తాడు. తాడు లోపలికి పోటీదారులు తప్ప ఇంకెవరూ వెళ్లకూడదు. తల్లిదండ్రులంతా తాడు పట్టుకుని గుంపుగా నిలబడ్డారు. బల్ల వెనక హైదరాబాద్ నుంచి వచ్చిన కళ్లద్దాల పెద్దమనిషి ఒక్కొక్కరి పిస్తోలు కొలత చూసి, సిలిండరు తేదీ చూసి, బరువు చూపించి పక్కకు జరుగుతున్నాడు. బరువు ఎత్తాల్సింది కాల్చేవాళ్లే.

నవత వంతు వచ్చింది. సిలిండరు తేదీ సరిగ్గానే ఉంది. పిస్తోలు నిలబెట్టి, బరువు తగిలించి, మెల్లగా లేపింది. బల్ల మీదినుంచి బరువు అలా లేచిందో లేదో, టక్.

లింబయ్యకు ఆ చప్పుడు గుంపులోంచి వినబడింది. అంత గోలలోనూ వినబడింది.

నవత ఒక్క క్షణం పిస్తోలు వైపు చూసింది. మళ్లీ లేపింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. బరువు గాల్లోకి వచ్చింది, చేయి వెంట్రుకవాసి కదిలింది, టక్. పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని, మూడుసార్లే అవకాశమని, ఇంక ఒక్కటే మిగిలిందని చెప్పాడు. కావాలంటే పక్కన సరిచేసుకుని రావచ్చు, ఆమె వరుస పదకొండింటికి, ఆ లోపల ఎప్పుడొచ్చినా చూస్తానన్నాడు.

అప్పుడు తల తిప్పి నవత తండ్రి వైపు చూసింది. కోపంగా కాదు. అర్థమైన చూపు అది.  ముప్పయ్యైదేళ్లు ఊరి రాళ్లన్నీ సరిచేసిన చేయి, సొంత బిడ్డ పిస్తోలు చెడగొట్టింది. 

ఇటు రాధాబాయి ఆయన్ని పట్టించుకునే స్థితిలో లేదు. రాజేష్ కొత్త పెట్టెతో ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. "బిడ్డా, గది పక్కన వెట్టు. కొత్తది తీస్కో, ఈన్నే ఉన్నది," అని తాడు మీదికి వంగి పిలిచింది. రాజేష్ పెట్టె పైకెత్తి చూపించాడు. లింబయ్య జేబులోంచి ఎలన్ కీ తీసి, గుంపును తోసుకుంటూ తాడు దగ్గరకు వచ్చాడు. ఛాతీకి బిల్ల తగిలించుకున్న ఒక అమ్మాయి ఆయన్ని ఆపింది, తాడు దాటొద్దు పెద్దాయనా అంది. చేయి చాచి ఆ పనిముట్టు అందించబోయాడు. అదీ కుదరదంది. ఆయన కీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నవత ఇద్దరికీ చేయి ఊపింది. ఆగండి అన్నట్టు. గోడ పక్క బెంచీ మీద కూర్చుని తన సంచిలోంచి చిన్న తోలు తిత్తి తీసింది. అందులో ఆమెదే ఒక ఎలన్ కీ ఉంది. పిస్తోలు ఒళ్లో పెట్టుకుని మరచుట్టు ఒక పావు తిప్పింది. వేలితో ట్రిగ్గరు నొక్కి చూసింది. కళ్లు మూసుకుని ఇంకోసారి నొక్కింది. తిప్పినదాంట్లో సగం వెనక్కి తిప్పింది. కింద పెట్టి, వేలు ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ నొక్కింది. ఆ వేలు ఎక్కడ నేర్చిందో రాధాబాయికి తెలుసు. ఎండాకాలం సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టిన వేలది, ఆకు మందమో పలచనో చూడకుండానే చెప్పే వేలు. మరచుట్టు తిప్పే ఒడుపు మాత్రం ఇంకొకరిది. అటు తిప్పి మళ్లీ సగం ఇటు తేవడం లింబయ్య చేసే పద్ధతి. ఎవరికీ నేర్పలేదు ఆయన. దుకాణం గడప మీద కూర్చుని హోంవర్కు రాసుకున్న పిల్ల చూసి నేర్చుకుంది.

ఐదు నిమిషాలు పట్టింది. నవత లేచి బల్ల దగ్గరకు వెళ్లింది. బరువు తగిలించింది. లేపింది.

బరువు గాల్లో నిలిచింది. పెద్దమనిషి ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకున్నాడో ఏమో, చాలన్నాడు. ఆకుపచ్చ గుండ్రటి కాగితం ముక్క ఒకటి పిస్తోలు మీద అంటించాడు. లింబయ్య భాషలో చెప్పాలంటే ముద్ర పడింది.

గంటన్నరలో అరవై గుళ్లు. ఆ గంటన్నర లింబయ్య గురి వైపు చూడలేదు, కూతురి భుజం వైపే చూశాడు. అది కదల్లేదు. రాధాబాయి మాత్రం పక్కన నిలబడ్డ వాళ్లందరినీ మార్కులు అడిగి ప్రాణాలు తోడింది. చివరి కాగితం లెక్కయ్యాక సిరాజ్ సార్ గుంపులోంచి వచ్చి, ఐదువందల నలభై ఏడు అన్నాడు. 

హాలు బయట చాయ్ బండి దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. ఎవరి గ్లాసు వాళ్ల చేతిలో ఉంది కానీ తాగేవాళ్లు లేరు. ముందు లింబయ్యే నోరు విప్పాడు.

"నాతోని తప్పయింది బిడ్డా. పొద్దుగాల నేనే ముట్టిన. గా పాత దాని మీద మోజుతోని నీ కొంప ముంచేటోన్ని. కొత్తదే తీస్కుందాం."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గుండెలో బాధ లేదని కాదు. కానీ ఇష్టంగానే అన్నాడు.

"వద్దు," అంది రాధాబాయి. "పాతదే."

లింబయ్య ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళమా అనుకున్నాడు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇరవై ఎనిమిదేండ్ల సంది ఖార్ఖానల బీడీలు ఇస్తున్న. బీడీలు సూసే చెక్కరు కట్ట విప్పుతడు, ఒక్కసారి సూస్తడు, బాలేదంటడు, పక్కకు పడేస్తడు. పడేసినయి మల్ల నాకియ్యడు, పైసలియ్యడు. ఏం బాలేదని అడిగితే రేపటి సంది రావద్దంటడు. ఇయ్యాల నా బిడ్డ వస్తువును గట్లనే బాలేదన్నరు. అది మూలకు కూసోని, దాని చేత్తోని బాగుచేసి, మల్ల తీస్కపోయి గా బల్ల మీదనే వెట్టింది. ఆయన తీస్కున్నడు. నేను గది సూసిన. గా పిస్తోలే కొనాలె."

 చాయ్ చల్లారిపోతోంది. లింబయ్యకు ఒక పక్క ఏడుపు, ఒక పక్క నవ్వు వచ్చాయి. ఐదు రోజులుగా కొత్తది కొత్తది అని చంపిన మనిషి ఇప్పుడు పాతదంటోంది, పాతదని పట్టుపట్టిన తాను కొత్తదంటున్నాడు. ఆయన మళ్లీ మూడు మార్కుల లెక్క చెప్పబోయాడు, ఆమె సిలిండరు మార్చుకోవచ్చు కదా అని ఎదురు తగిలింది. బుధవారం పంచాయతీయే, కూర్చున్న చోట్లు మాత్రం మారాయి.

నవత చాయ్ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బండి మీద పెట్టింది.

"మీరిద్దరు కొట్లాడుడు అయితే ఒక మాట చెప్త. నేను శుక్రవారమే సిరాజ్ సార్‌కు పాతదే తీస్కుంటనని చెప్పిన."

ఇద్దరూ ఒకేసారి ఎందుకన్నారు.

"కొత్తది మస్తుగున్నది. మూడు మార్కులు నిజమే, నెల రోజులు కాల్చితే గవి దీంతోని కూడ వస్తయి. కని దాన్ని విప్పొద్దన్నడు. విప్పనియ్యని వస్తువు మనదెట్లయితది బాపు?"

 కరెంటు కాంటాలు వచ్చినప్పటినుంచీ లింబయ్య కడుపులో ఉన్న మాట, ఎవరితో అనాలో తెలియక ముఖం తిప్పుకున్న మాట, ఈ పిల్ల చాయ్ బండి దగ్గర అనేసింది. ఆయన చేయి దానంతటదే కూతురి తల మీదికి వెళ్లింది.

కొంచెం సేపయ్యాక, రాధాబాయి రాజేష్‌కు నచ్చజెప్పడానికి వెళ్లినప్పుడు, నవత తండ్రి దగ్గరకు జరిగి మెల్లగా అంది.

"నువ్వు తప్పు వెట్టలె బాపు. సరిగ్గ అరకిలోనే వెట్టినవ్. కని లేపేది మనిషి చెయ్యి గద, జర కదుల్తది. గా కదిలేదానికి మొగ్గు ఇయ్యాలె. సార్ పదిహేను గ్రాములు గందుకే ఉంచుకున్నడు."

ఆయన తల ఊపాడు. బస్సులో బోధన్ వచ్చేదాకా ఆ మాటే నెమరేసుకుంటూ కూర్చున్నాడు. పక్కన తల్లీకూతుళ్లు సిలిండరు గురించి మాట్లాడుకుంటున్నారు. దాన్ని తానే వెళ్లి తెస్తానంటోంది రాధాబాయి. దాని మీద కొత్త తేదీ తన కళ్లతో చూసుకుని, ఎవరూ విప్పని డబ్బాలోంచి తీయించి మరీ తెస్తుందట.

సోమవారం పొద్దున లింబయ్య సాయవ్వ గంప ముందు నిలబడ్డాడు. అరకిలో అన్నాడు. ఆమె రాయి పెట్టి, కాయలు వేసి, ముల్లు నడుమకు వచ్చాక అలవాటు కొద్దీ ఇంకొక కాయ పైన పడేసింది. పళ్లెం దిగింది. సాయవ్వ చేయి ఆపి, ఎప్పటిలాగే ఆయన వంగి కాయ తీస్తాడని ఎదురుచూసింది.

లింబయ్య సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.